సాప్స్, ఏజ్: చిన్న కొట్టు సర్వర్‌కి సరిపోతాయా? గుంటూరు మిర్చి యార్డు పక్క నుంచి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, బావున్నాయి, వాడుకోండి. సాప్స్ (SOPS) అంటే పాస్‌వర్డ్‌లున్న ఫైళ్ళని ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే కీ ఉంటే తప్ప చదవలేకుండా చేసే టూల్; ఏజ్ (age) దానికి కావాల్సిన కీలని తయారుచేసేది. సొంత సర్వర్ మీద ఒకటో రెండో అప్లికేషన్లు నడుపుకుంటూ, వాటి పాస్‌వర్డ్‌లూ ఏపీఐ కీలూ (బయటి సర్వీసులు వాడుకోడానికి ఇచ్చే రహస్య సంకేతాలు) ఎక్కడ దాచాలో తెలీక, అవన్నీ రాసుకునే డాట్ ఎన్వ్ (.env) ఫైళ్ళని వాట్సాప్‌లో పంపుకునే మనలాంటి వాళ్ళకి ఈ రెండు టూల్స్ చాలు. రూపాయి ఖర్చు లేదు, నెలవారీ చందాల గొడవ లేదు. కాకపోతే ఇవి చేసే పని ఒక్కటే: తలోచోటా పడున్న పాతిక రహస్యాలని ఒకే ఒక్క ప్రైవేట్ కీ వెనక్కి చేరుస్తాయి. ఆ ఒక్క కీ ఎక్కడుండాలి, ఎవరెవరి చేతుల్లో ఉండాలి, అది పోతే ఏంటి అన్నది మాత్రం మీ నెత్తినే పడుతుంది. అందుకే ఈ రివ్యూలో సగం టూల్ గురించి, మిగతా సగం ఆ కీ గురించి.

ఎక్కడ వాడానో చెప్తే మిగతాది అర్థమవుతుంది. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టుకి లెక్కల అప్లికేషన్ చూస్తుంటాను, జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) రాసింది, వెనకాల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. రైతు తెచ్చిన టిక్కీలెన్ని (మిర్చి బస్తాలు), తూకమెంత, ఏ రేటుకి పోయింది, హమాలీ కమీషన్ పోను పట్టీ ఎంత, కోల్డ్ స్టోరేజీలో ఇంకా ఎవరి సరుకు ఎంతుంది, అన్నీ అందులోనే. రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు కూడా అందులోనే, అసలు టెన్షన్ అంతా వాటితోనే. సర్వర్ అంటే ఏదో అనుకోకండి, కొట్టు వెనక గదిలో ఇన్వర్టర్ మీద నడిచే మినీ పీసీ. దాని ఫ్యాన్ విప్పితే ఎర్రటి దుమ్ము, శుభ్రం చేసేవాడు తుమ్మకుండా ఆ గదిలోంచి బయటికి రాలేడు. క్లౌడ్‌లో పెడదామంటే ఓనరు గారు ససేమిరా అన్నారు, లెక్కల డబ్బా తన కళ్ళెదుట ఉండాలి, అంతే.

నా చేతికి వచ్చేసరికి కీల పరిస్థితి మనూళ్ళో మామూలుగా ఉండేదే. అంతకుముందు చేసిన కుర్రాళ్ళు సెట్టింగ్స్ ఫైల్లోనే అన్నీ రాసేసి గిట్‌లోకి (కోడ్‌లో ప్రతి మార్పునీ చరిత్రగా దాచే టూల్) ఎక్కించేశారు. ప్రాజెక్టు మొదలుపెట్టగానే జాంగో తనంతట తాను ఒక సీక్రెట్ కీ రాసిస్తుంది, దాని ముందు 'జాంగో-ఇన్‌సెక్యూర్' అని కూడా తగిలిస్తుంది, అసలు సర్వర్‌కి ఎక్కించేముందు మార్చుకోండి బాబూ అని. దాన్ని అలాగే ఉంచేశారు. జాంగోలో 'చెక్ డిప్లాయ్' అని ఒక కమాండ్ ఉంది, అది నడిపితే ఈ కీ పనికిరాదు, యాభై అక్షరాలైనా లేదు అనో, ముందు ఆ మాట ఉంది అనో హెచ్చరిస్తుంది, ఎవరూ నడిపినట్టు లేరు. ఎస్ఎంఎస్ గేట్‌వే కీ అయితే కొట్టు వాట్సాప్ గ్రూపులో ఉంది, తేజ రకం మిర్చి రేట్లకీ గుడ్ మార్నింగ్ పూల ఫొటోలకీ మధ్యన.

ఇలాంటి చోట మొదటి పని టూల్ పెట్టడం కాదు, ఉన్న కీలన్నీ మార్చడం. గిట్‌లోంచి ఫైలు తీసేసి కమిట్ కొట్టినంత మాత్రాన అది పోదు, పాత కమిట్లలో, అంటే అంతకుముందు దాచిన రూపాల్లో, అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది. చరిత్రని తిరగరాసే ఫిల్టర్-రీపో లాంటివి ఉన్నాయి కానీ, అప్పటికే క్లోన్ చేసుకున్నవాళ్ళ లాప్‌టాప్‌ల్లో ఉన్నదాన్ని అవి ఏం చేయగలవు? బయటపడిన కీ బయటపడినట్టే. కొత్తది తయారుచేసి, పాతది పనిచేయకుండా చేయాలి, దానికి షార్ట్‌కట్ లేదు.

మార్చేముందు ఒక కాగితం మీద కీలన్నీ రాసుకుని ఒక్కోదానికి రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది పోగొట్టుకుంటే ఏమవుతుంది, ఇది వేరేవాళ్ళ చేతిలో పడితే ఏమవుతుంది. రెండిటికీ జవాబు ఒకటి కాదు. చాలామంది అన్ని కీలనీ ఒకే గాటన కట్టేసి అక్కడే దెబ్బతింటారు.

జాంగో సీక్రెట్ కీనే చూడండి. పేరు చూసి అందరూ దానికే భయపడతారు గానీ, అది పోగొట్టుకుంటే మునిగిపోయేదేం లేదు. కొత్తది పెడితే లాగిన్ అయి ఉన్నవాళ్ళు లాగౌట్ అవుతారు, మెయిల్లో వెళ్ళిన పాస్‌వర్డ్ రీసెట్ లింకులు చెల్లవు, అంతే. యూజర్ల పాస్‌వర్డ్‌లు పోతాయేమో అని మా గుమస్తా బాబాయి కంగారుపడ్డాడు, దానికీ దీనికీ లంకె లేదు, అవి పీబీకేడీఎఫ్2 పద్ధతిలో హ్యాష్ అయి, అంటే వెనక్కి విప్పలేని రూపంలోకి మారి, డేటాబేస్‌లో విడిగా ఉంటాయి. కానీ ఆ సీక్రెట్ కీ బయటివాడి చేతిలో పడితే మాత్రం కథ వేరు, జాంగో దేని మీదైతే సంతకం పెడుతుందో వాటి మీద వాడు కూడా అదే సంతకం పెట్టేస్తాడు. సెషన్లని (లాగిన్ వివరాలని) బ్రౌజర్ కుకీల్లోనే దాచే సెట్టింగు పెట్టుకున్నవాళ్ళకి అయితే వాడు దొంగ సెషన్ డేటా తయారుచేసి పంపితే సైటు దాన్ని నమ్మేస్తుంది. దీన్ని మార్చడం కూడా ఇప్పుడు తేలికే, 2022లో వచ్చిన జాంగో 4.1 నుంచి 'సీక్రెట్ కీ ఫాల్‌బ్యాక్స్' అని ఒక సెట్టింగ్ ఉంది. పాత కీని అందులో పడేసి కొత్తది పైన పెడితే ఎవరూ లాగౌట్ అవ్వరు. మామూలుగా సెషన్ గడువు రెండు వారాలు కాబట్టి ఆ తర్వాత పాతదాన్ని తీసేయాలి. తీసేయడం మర్చిపోతే మాత్రం మార్చీ ప్రయోజనం లేదు, ఎందుకంటే అక్కడ ఉన్నంతకాలం పాత కీతో పెట్టిన సంతకం కూడా చెల్లుతుంది. లీకైన కీని మారుస్తుంటే అసలు ఫాల్‌బ్యాక్‌లో పెట్టకండి, లాగౌట్ అయితే అయ్యారు.

దీనికి పూర్తిగా తిరకాసు ఫెర్నెట్ కీ. రైతుల ఖాతా నంబర్లని డేటాబేస్‌లో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచేది అదే. ఇది పోతే ఆ నంబర్లు పోయినట్టే, పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ నిక్షేపంలా ఉన్నా సరే, ఎవరూ ఏమీ చేయలేరు. సీజన్ మధ్యలో ప్రతి రైతుకీ ఫోన్ చేసి పాస్‌బుక్ ఫొటో పంపమని అడుక్కోవాలి, కొంప కొల్లేరే. బయటపడితే కూడా ప్రమాదమే, కానీ వాడికి డేటాబేస్ కూడా చిక్కితేనే పనికొస్తుంది. అంటే ఈ కీకి కాపీలు ఒకటికి రెండు ఉండాలి, అయితే డేటాబేస్ బ్యాకప్ ఉన్న పెన్‌డ్రైవ్‌లో మాత్రం ఉండకూడదు. రెండూ ఒకే పెన్‌డ్రైవ్‌లో పెట్టి బీరువాలో దాచేవాళ్ళని చూశాను, అప్పుడిక ఎన్‌క్రిప్ట్ చేసి ఏం లాభం?

ఎస్ఎంఎస్ కీ, పేమెంట్ కీ లాంటివి ఇంకో రకం. పోగొట్టుకుంటే ఏం కాదు, వాళ్ళ పోర్టల్‌లోకి వెళ్ళి కొత్తది తీసుకోవచ్చు. బయటపడితే మాత్రం నేరుగా డబ్బుకే చిల్లు. చివరగా బ్యాకప్ పాస్‌వర్డ్. మేం బ్యాకప్‌కి రెస్టిక్ వాడతాం, ఆ పాస్‌వర్డ్ పోతే బ్యాకప్‌లు తెరుచుకోవు, దానికి దొడ్డిదారి లేదు. ఆ పాస్‌వర్డ్ సర్వర్‌లోనే ఉండి, సర్వరే పాడైతే? బ్యాకప్ తెరవడానికి పాస్‌వర్డ్ కావాలి, పాస్‌వర్డ్ కావాలంటే బ్యాకప్ తెరవాలి. ఈ ముడి పడకుండా ముందే చూసుకోవాలి.

ఇప్పుడు టూల్స్ సంగతి. సాప్స్ 2015లో మొజిల్లాలో పుట్టింది, 2023లో క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్ గొడుగు కిందకి వచ్చింది. ఏజ్ అనేది ఫిలిప్పో వాల్సోర్డా అనే క్రిప్టోగ్రఫీ ఇంజనీరు తయారుచేసింది, 1.0 వెర్షన్ 2021లో వచ్చింది. సాప్స్‌కి జీపీజీ (పాతకాలం ఎన్‌క్రిప్షన్ టూల్) కూడా వాడొచ్చు, అమెజాన్ గూగుల్ వాళ్ళ కీ సర్వీసులు కూడా తగిలించొచ్చు, కానీ జీపీజీతో ఒక్కసారి కుస్తీ పట్టినవాళ్ళెవరూ మళ్ళీ దాని జోలికి పోరు. ఏజ్‌లో కీ-రింగులూ, గడువు తేదీలూ, నమ్మకం లెవెళ్ళూ ఏమీ లేవు. 'ఏజ్-కీజెన్' అని కొడితే రెండు కీలు వస్తాయి, ఒకటి అందరికీ చూపించదగ్గ పబ్లిక్ కీ, ఇంకోటి ఎవరికీ చూపించకూడని ప్రైవేట్ కీ. అయిపోయింది.

సాప్స్‌లో నాకు బాగా నచ్చింది ఏంటంటే ఫైలు మొత్తాన్ని ముద్దచేయదు. డాట్ ఎన్వ్ ఫైలు ఇస్తే పేర్లని అలాగే వదిలేసి వాటికి ఎదురుగా ఉన్న విలువల్ని మాత్రమే ఏఈఎస్-256తో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. 'డీబీ పాస్‌వర్డ్' అన్న పేరు చదవడానికి కనిపిస్తుంది, దాని పక్కన చదవరాని చాంతాడంత తీగ. అంచేత ఫైలుని ధైర్యంగా గిట్‌లో పెట్టుకోవచ్చు, ఎవరు ఎప్పుడు ఏ కీ మార్చారో డిఫ్‌లో (పాతదానికీ కొత్తదానికీ తేడా చూపించేది) తెలిసిపోతుంది. ఒక్క విలువ మారిస్తే ఆ ఒక్కదాని లైనూ, కింద సాప్స్ రాసుకునే సొంత వివరాలూ మాత్రమే మారతాయి, మిగతావి కదలవు. నిరుడు ఎస్ఎంఎస్‌లు ఆగిపోయాయని గోలపెడితే డిఫ్ చూడగానే తెలిసింది, ఆ ముందురోజే కీ మారిందని. పేర్లు కనిపిస్తున్నాయి కదా అని కొందరు ముఖం చిట్లిస్తారు. నిజమే, మీరు ఏయే సర్వీసులు వాడుతున్నారో రిపో (గిట్‌లో ప్రాజెక్టు ఉండే చోటు) చూసినవాడికి తెలుస్తుంది, విలువ పొడవు ఎంతో కూడా అంచనాకి అందుతుంది. రిపో ప్రైవేట్‌గా పెట్టుకుంటే మా స్థాయికి అది పెద్ద విషయం కాదు.

ఫైలు మార్చాలంటే సాప్స్ దాన్ని విప్పి మీ ఎడిటర్‌లో తెరుస్తుంది, సేవ్ చేసి మూయగానే మళ్ళీ ఎన్‌క్రిప్ట్ చేసేస్తుంది. ఇక్కడ వీఎస్ కోడ్ వాళ్ళకి ఒక చిక్కు. ఎడిటర్ పేరు ఒట్టిగా ఇస్తే వీఎస్ కోడ్ విండో తెరిచి వెంటనే చేతులు దులిపేసుకుంటుంది, సాప్స్ ఏమో ఎడిటర్ మూసేశారనుకుని 'ఫైలు మారలేదు' అని బయటికి వచ్చేస్తుంది. మీరు ఎంత సేవ్ కొట్టినా అది ఎక్కదు. ఎడిటర్ సెట్టింగ్‌లో 'వెయిట్' అన్న ఫ్లాగ్ తగిలిస్తే సరి. కుర్రాళ్ళు దీని దగ్గరే విసుగొచ్చి వదిలేస్తుంటారు, అందుకని ముందే చెప్తున్నా.

ఒకే ఫైలుని పలువురు తెరవగలగడం దీని అసలు బలం. లోపల జరిగేది ఏంటంటే, ఫైలుకి ఒక డేటా కీ ఉంటుంది, ఆ డేటా కీని ఒక్కొక్కరి పబ్లిక్ కీతో విడివిడిగా ఎన్‌క్రిప్ట్ చేసి ఫైలు చివర రాసుకుంటుంది. బీరువా తాళంచెవికి నకళ్ళు తీయించి, ఒక్కోటి ఒక్కో చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాకి ఎవరి తాళం వాళ్ళది వేసినట్టు. మా దగ్గర అలాంటి డబ్బాలు మూడు: నాది, సర్వర్‌ది, ఓనరు గారిది. ఎవరి ప్రైవేట్ కీ వాళ్ళ దగ్గరే, ఒకరిది ఇంకొకరికి పంపాల్సిన అవసరమే రాదు. కొత్తవాళ్ళు వస్తే వాళ్ళ పబ్లిక్ కీ పంపమంటే చాలు, దాన్ని నిక్షేపంగా వాట్సాప్‌లోనే పంపుకోవచ్చు, 'ఏజ్1' తో మొదలయ్యే 62 అక్షరాలు, ఊరంతా చూసినా నష్టం లేదు. దాన్ని సాప్స్ కాన్ఫిగ్ ఫైల్లో చేర్చి 'అప్‌డేట్‌కీస్' కొడితే అయిపోతుంది.

మరి ఎవరినైనా తీసేయాలంటే? ఇక్కడ సాప్స్ తప్పుడు ధీమా ఇస్తుందని నా కంప్లైంట్. లిస్టులోంచి పేరు తీసేసి 'అప్‌డేట్‌కీస్' కొడితే అతని డబ్బా పోతుంది, నిజమే, కానీ లోపలి డేటా కీ అదే. దాన్ని మార్చడానికి 'రొటేట్' అని వేరే కమాండ్ ఉంది. అది కొట్టినా సరే, గిట్‌లో పాత కమిట్లు ఉంటాయి కదా, ఆ పాత ఫైలుని అతని పాత కీ ఇప్పటికీ తెరుస్తుంది. కాబట్టి మనిషి వెళ్ళిపోయినప్పుడు చేయాల్సింది లోపల ఉన్న పాస్‌వర్డ్‌లనే మార్చడం, డేటాబేస్‌లో, గేట్‌వే పోర్టల్‌లో, అన్నిచోట్లా. 'రొటేట్' అన్న పేరు చూసి కీలన్నీ మారిపోయాయని నిద్రపోతే మునిగినట్టే. ఇది డాక్యుమెంటేషన్‌లో ఎర్రక్షరాలతో మొదటి పేజీలో ఉండాల్సిన విషయం.

ఇంకో తలనొప్పి, మెర్జ్. ఇద్దరు వేర్వేరు బ్రాంచిల్లో ఒకే ఫైలు మారిస్తే గిట్ కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది, దాన్ని చేత్తో సరిచేస్తే సాప్స్ ఒప్పుకోదు, ఎందుకంటే ఫైల్లో విలువలన్నిటికీ కలిపి ఒక చెక్ కోడ్ రాసుకుంటుంది, అది తేడా వస్తుంది. ఆ తనిఖీ వద్దని చెప్పే ఫ్లాగ్ ఉంది గానీ దాన్ని అలవాటు చేసుకోవడం మంచిది కాదు. ఒకరి మార్పుని పక్కన పెట్టి, రెండోవాళ్ళ ఫైలు మీద మళ్ళీ ఎడిట్ చేసుకోవడమే సుఖం. ఒకళ్ళో ఇద్దరో ఉన్న టీముకి ఇది ఎప్పుడో గానీ తగలదు, పదిమంది ఉంటే రోజూ తగువే.

సర్వర్‌లో ఎలా అంటారా, మినీ పీసీకి సొంత ఏజ్ కీ ఉంది, రూట్ (మెషీన్ మీద సర్వాధికారాలున్న యూజర్) తప్ప ఎవరూ చదవలేని ఫైల్లో, పర్మిషన్ 600. అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు 'సాప్స్ ఎగ్జెక్-ఎన్వ్' ద్వారా మొదలవుతుంది, అది విలువల్ని విప్పి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా గునికార్న్‌కి (జాంగో అప్లికేషన్‌ని నడిపే ప్రోగ్రాం) అందిస్తుంది, విప్పిన ఫైలు డిస్కు మీద ఎక్కడా మిగలదు. దీనికీ హద్దులున్నాయి. ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్నవి ఆ ప్రాసెస్ యూజర్‌కీ రూట్‌కీ ప్రోక్ ఫోల్డర్‌లో (నడుస్తున్న ప్రోగ్రాంల వివరాలు లైనక్స్ చూపించే చోటు) కనిపిస్తాయి, అది పుట్టించే పిల్ల ప్రాసెస్‌లన్నిటికీ వారసత్వంగా వెళ్తాయి. డాకర్ (అప్లికేషన్‌ని కంటెయినర్ అనే విడి డబ్బాలో నడిపే టూల్) వాడి ఎన్విరాన్‌మెంట్‌లో ఇచ్చేవాళ్ళు ఒకసారి 'డాకర్ ఇన్‌స్పెక్ట్' కొట్టి చూసుకోండి, పాస్‌వర్డ్‌లు బట్టలిప్పి నిలబడి ఉంటాయి. డాకర్ కంపోజ్‌లో సీక్రెట్స్ అని విడిగా ఉంది, అవి కంటెయినర్ లోపల 'రన్ సీక్రెట్స్' ఫోల్డర్‌లో ఫైళ్ళుగా వస్తాయి, అది కాస్త నయం.

ఆ మినీ పీసీని ఎవరైనా చంకన పెట్టుకుపోతే? కీ కూడా అందులోనే ఉంది, సాప్స్ ఏం చేస్తుంది, ఏమీ చేయదు. దానికి డిస్కు మొత్తాన్ని లైనక్స్‌లో ఉండే ఎల్‌యూకేఎస్ (LUKS) పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేయాలి. అప్పుడు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు పాస్‌ఫ్రేజ్ కొట్టాలి, యార్డు దగ్గర తెల్లారుజామున ఆ పని ఎవరు చేస్తారు? మదర్‌బోర్డులో టీపీఎం (కీలని దాచే) చిప్ ఉంటే దానికి ముడిపెట్టొచ్చు, అప్పుడు మెషీన్ తనంతట తానే బూట్ అవుతుంది, డిస్కు ఒక్కటే పీక్కుపోయినవాడికి ఏమీ దక్కదు. మెషీన్ మొత్తం ఎత్తుకెళ్ళేవాడికి అది పూర్తి అడ్డు కాదు, కానీ మా గదికి వచ్చే దొంగ మినీ పీసీని సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకునే రకమే గాని అంత చదువుకున్నవాడు కాదని మా లెక్క.

హషీకార్ప్ వాల్ట్ (రహస్యాలు దాచి అడిగినప్పుడు ఇచ్చే విడి సర్వర్) ఎందుకు పెట్టలేదని మిత్రులు అడుగుతారు. అది గట్టి సరుకే, కాదనను. గడువుతో ఆటోమేటిక్‌గా చచ్చిపోయే డేటాబేస్ పాస్‌వర్డ్‌లు ఇవ్వగలదు, ఎవరు ఏ కీ ఎప్పుడు చదివారో లాగ్ రాస్తుంది, మొదటిది సాప్స్‌లో లేదు, రెండోది సగమే ఉంది: ఫైలు ఎవరు ఎప్పుడు విప్పారో పోస్ట్‌గ్రెస్‌లో రాయించుకోవచ్చు గానీ, అందులో ఏ కీ చదివారో తెలీదు. కానీ వాల్ట్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ సీల్ అయిపోయి కూర్చుంటుంది. మామూలు సెటప్‌లో దాని తాళాన్ని అయిదు ముక్కలు చేసి ఇస్తారు, అందులో ఏవైనా మూడు ముక్కలు తెచ్చి కొడితేనే తెరుచుకుంటుంది. బ్యాంకుకి అది భద్రత, మిర్చి కొట్టుకి అది శిక్ష. 2023లో దాని లైసెన్సు కూడా మారింది, దాంతో ఓపెన్‌బావ్ అని లైనక్స్ ఫౌండేషన్ కింద వేరుకుంపటి పెట్టారు. మీకు పది సర్వర్లు, విడిగా చూసుకునే మనిషి ఉంటే అటు చూడండి. మనుషులు చేత్తో కొట్టే పాస్‌వర్డ్‌లకి, అంటే జీఎస్టీ పోర్టల్, డొమైన్ అకౌంటు లాంటి వాటికి, వాల్ట్‌వార్డెన్ (సొంత సర్వర్‌లో నడుపుకునే పాస్‌వర్డ్ మేనేజర్) మాత్రం కొట్టులో విడిగా నడుపుతున్నాం. గుమస్తా బాబాయి కూడా వాడేస్తున్నాడు, అంతకన్నా సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఇక ఆ ఒక్క కీ. ఇదంతా సెటప్ చేసి ఓనరు గారికి గొప్పగా చూపిస్తే, ఆయన అన్నీ విని ఒకటే అడిగారు: "అదంతా సరే అబ్బాయ్, రేపు నీకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే ఈ డబ్బా నేనెలా తెరిపించుకోవాలి?" ఏ రివ్యూలోనూ ఈ ప్రశ్న కనపడదు, ఎందుకంటే రివ్యూలు రాసేది మాబోటి డెవలపర్లే, కీ మా దగ్గరుంటే మాకు హాయి. చాలా కొట్లలో జరిగేది కూడా అదే, డెవలపర్‌తో లెక్కల దగ్గర మాటా మాటా వస్తే సర్వర్ పాస్‌వర్డ్ బందీ అయిపోతుంది. డేటా ఆయనది, రైతులు నమ్మి నంబర్లు ఇచ్చింది ఆయన్ని చూసి, కాబట్టి నాది లేకుండానే తెరవగల కీ ఒకటి ఆయన దగ్గర ఉండి తీరాలి. మొహమాటం లేకుండా చెప్తున్నా, క్లయింటుకి కీ ఇవ్వని డెవలపర్‌ని పనిలో పెట్టుకోకండి.

ఆయన కంప్యూటర్ వాడరు, కాబట్టి ఆయన కీ కాగితం మీద ఉంది. ఏజ్ ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచింది. ప్రైవేట్ కీ 74 అక్షరాలు, అన్నీ క్యాపిటల్స్, 'ఏజ్-సీక్రెట్-కీ-1' అని మొదలవుతుంది. ఆ మొదటి భాగం తర్వాత వచ్చే అక్షరాల్లో ఇంగ్లీషు బీ, ఐ, ఓ ఉండవు, ఒకటి అంకె కూడా ఉండదు. బెక్32 అనే పద్ధతి అది. కాబట్టి ఎనిమిదా బీనా, సున్నానా ఓనా అని కళ్ళు చికిలించుకోనక్కర్లేదు, ఓలా కనిపిస్తే అది సున్నానే. పైగా చివర్లో చెక్ కోడ్ ఉంటుంది, ఒకట్రెండు అక్షరాలు తప్పు కొట్టినా ఏజ్ ఆ కీని తీసుకోదు. కాగితం మీద చేత్తో రాసి దాచుకోవడానికి ఇంతకన్నా అనువైనది నేను చూడలేదు.

చేత్తో అని ఎందుకన్నానంటే, ప్రింట్ తీయిద్దామని ఏ బ్రాడీపేట జిరాక్స్ షాపుకో వెళ్తే అక్కడ ఏం జరుగుతుందో మీకు తెలుసు. "వాట్సాప్ చేయండి సార్" అంటారు, ఫైలు వాళ్ళ ఫోనులో, వాట్సాప్ వెబ్‌లో, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో, ఎవరి ఆధార్ కార్డుల పక్కనో ఉండిపోతుంది. నీలం ఇంకు పెన్నుతో నాలుగేసి అక్షరాలు విడదీసి రాయండి, ఆ రాసినదాన్ని చూసే మళ్ళీ టైప్ చేసి ఫైలు తెరుచుకుంటుందో లేదో సరిచూడండి. తెరుచుకోకపోతే 'డేటా కీ దొరకలేదు' అని సాప్స్ ఒక పొడుగాటి ఎర్రర్ ఇస్తుంది, అందులో ఏ ఏ కీతో ప్రయత్నించి విఫలమైందో ఉంటుంది, భయపడకుండా చదవండి.

ఒక కాగితం గుంటూరులో ఓనరు గారి బ్యాంకు లాకర్లో ఉంది. రెండోది ఊళ్ళోనే ఇంకోచోట పెడదామన్నారు, నేను వద్దన్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ఇళ్ళల్లోకి నీళ్ళు వచ్చినప్పుడు చూశాం కదా, బీరువాలు, కాగితాలు, కంప్యూటర్లు అన్నీ ఒకే నీళ్ళలో. రెండు కాపీలకీ ఒకేసారి ఒకే ఆపద రాకూడదు. కాబట్టి రెండోది కృష్ణ అవతల, విజయవాడలో వాళ్ళమ్మాయి గారింట్లో, మేడమీద, లామినేషన్ కవర్లో. కవరు మీద ఇది దేనిదో రాయలేదు, 'కొట్టు డబ్బా, అవసరమైతే తప్ప తెరవొద్దు, పారేయొద్దు' అని మాత్రం ఉంది. అదేదో పాత చీటీ అని దీపావళి ముందు ఇల్లు దులిపేటప్పుడు చెత్తలో కలిసిపోతే మొత్తం ప్లాను గోవిందా.

కాగితంతో పాటు ఒక పేజీ సూచనలు తెలుగులో రాసిపెట్టాను: ఏ రిపో, ఏ ఫైలు, సాప్స్ ఎక్కడ దొరుకుతుంది, బ్యాకప్ ఎక్కడుంది, ఏ వరసలో తెరవాలి. ఓనరు గారి మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, అతనికి పాత లాప్‌టాప్ ఒకటీ, ఆ పేజీ, లాకర్లోని కాగితం ఇచ్చి, నేను నోరు మెదపకుండా పక్కన కూర్చున్నాను. ఫైలు తెరిచి, బ్యాకప్ దింపి, ఒక రైతు ఖాతా నంబరు స్క్రీన్ మీద చూపించాడు. మధ్యలో ఒక్కచోట ఆగాడు, లైనక్స్‌లో హోమ్ ఫోల్డర్ కింద కాన్ఫిగ్, సాప్స్, ఏజ్ అనే ఫోల్డర్లలో కీ ఫైలు ఉండాలని రాశాను గానీ, అతని లాప్‌టాప్ విండోస్, అక్కడ అది యాప్‌డేటా కిందకి వెళ్తుంది. సూచనల పేజీలో ఆ లైను చేర్చాం. మీరూ ఇది చేయించండి, మీరు కాకుండా వేరేవాళ్ళతో.

ధర, లైసెన్సు: రెండూ ఉచితం, సాప్స్‌ది మొజిల్లా పబ్లిక్ లైసెన్స్, ఏజ్‌ది బీఎస్‌డీ. ఒక్కో ఫైలు దింపుకుంటే చాలు, వెనకాల నడిచే సర్వీసులేమీ లేవు, మినీ పీసీకి బరువు కూడా తెలీదు. అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తాను, ఒకటి తగ్గించింది ఆ 'రొటేట్' పేరు కోసం, ఎవరు ఏ కీ చదివారో విడివిడిగా లాగ్ లేనందుకు. నేర్చుకోవడానికి నెట్‌లో దొరికే పాత వ్యాసాలు చూస్తే కమాండ్లు వేరుగా ఉంటాయి, అప్పట్లో ఒంటక్షరం ఫ్లాగులు వాడేవాళ్ళు, ఇప్పటి వెర్షన్లలో ఎన్‌క్రిప్ట్, డీక్రిప్ట్, ఎడిట్, రొటేట్ అని విడి కమాండ్లే ఉన్నాయి, కంగారుపడకండి. మిర్చి కొట్ల వాళ్ళెవరైనా పెట్టుకోవాలనుకుంటే ఫిబ్రవరి, మార్చిల్లో మాత్రం వద్దు, యార్డుకి వేసవి సెలవులు ఇచ్చాక మొదలుపెట్టండి, అప్పుడైతే సర్వర్ ఒకపూట ఆపినా అడిగేవాడు ఉండడు.